అమ్మమ్మని అడిగారా?

"ఏమ్మా, నొప్పి ఎలా ఉంది?" అని డాక్టరుగారు పెద్దావిడనే అడుగుతారు. ఆవిడ గొంతు సవరించుకునేలోగా పక్కనున్న కోడలు అందుకుంటుంది... "రాత్రి కాస్త ఎక్కువైందండీ!"

"మరి ఆపరేషన్ చేయించుకోవడం మీకు ఇష్టమేనా?"

"ఆవిడకేం తెలుస్తుందండీ! మేం ఇంట్లో అనుకుని చెబుతాం" అంటాడు కొడుకు.

పెద్దావిడ తెరిచిన నోరు మళ్ళీ మూసేసుకుంటుంది. చేతిసంచీలో మందుల చీటీ వెతుక్కుంటున్నట్టు తల వంచుకుంటుంది.

ఏ ఆస్పత్రి వరండాలో అరగంట కూర్చున్నా కనిపించే దృశ్యమే ఇది. కొడుక్కీ, కోడలికీ ఆవిడంటే ప్రేమ లేక కాదు. రాత్రంతా మేలుకుని కాళ్ళు పట్టింది ఆ కోడలే కావచ్చు. కానీ "ఆవిడకేం తెలుస్తుంది" అన్న మాట ఉంది చూశారూ, అది ఎవరైనా పరీక్షించి చెప్పిన మాటా? లేక అలవాటుకొద్దీ నోటికొచ్చిన మాటా?

సరిగ్గా ఈ ప్రశ్న మీదే ఇంగ్లండ్, వేల్స్‌లలో ఒక చట్టం ఉంది. డాక్టర్లకీ, నర్సులకీ, సోషల్ వర్కర్లకీ, వృద్ధుల్ని చూసుకునే కేర్ హోముల సిబ్బందికీ దాని మీద శిక్షణ ఇస్తారు. ఎదుటి మనిషికి తన సంగతి తాను నిర్ణయించుకునే శక్తి ఉందో లేదో తేల్చడం ఎలా అన్నదే ఆ శిక్షణ.

ఎక్కడో ఇంగ్లండులో సంగతి మనకెందుకంటారా? అక్కడి ఆస్పత్రుల్లో మన తెలుగు డాక్టర్లు, నర్సులు ఏళ్ళ తరబడి పనిచేస్తున్నారు. 2022 ఫిబ్రవరిలో కేర్ వర్కర్లకు కూడా వీసా దారి తెరిచినప్పుడు మన దేశం నుంచి చాలామంది వెళ్ళారు. 2025 జూలైలో విదేశాల నుంచి కొత్తవాళ్ళని ఆ పనికి తీసుకోవడం ఆపేశారు. మీ బంధువుల్లోనే అలా వెళ్ళిన అమ్మాయి ఎవరైనా ఉండొచ్చు. ఆ అమ్మాయి అక్కడ నేర్చుకునే పాఠం మన వంటింటి దాకా పనికొచ్చేదే!

ఎదురు చెప్పలేదు కాబట్టి...

ఈ కథంతా ఒక మనిషితో మొదలైంది. కోర్టు కాగితాల్లో ఆయన పేరు 'హెచ్.ఎల్.' అని రెండక్షరాలే. ఆటిజం ఉన్న మనిషి, మాట రాదు. ముప్ఫై ఏళ్ళకు పైగా సర్రే ప్రాంతంలోని బోర్న్‌వుడ్ ఆస్పత్రిలోనే బతికాడు. 1994లో ఒక దంపతులు ఆయన్ని తమ ఇంటికి తీసుకెళ్ళి సొంతమనిషిలా చూసుకోసాగారు. మూడేళ్ళు బాగానే గడిచాయి.

1997 జూలైలో ఒకరోజు డే సెంటర్‌లో ఉండగా ఆయన బాగా కలవరపడిపోయాడు. తనను తానే కొట్టుకోవడం మొదలుపెట్టాడు. అక్కణ్ణుంచి మళ్ళీ బోర్న్‌వుడ్‌కే తీసుకెళ్ళి చేర్చేశారు. ఏ చట్టం కిందా నిర్బంధించలేదు. 'వెళ్ళిపోతానని ఎదురు తిరగలేదుగా' అన్నదే లెక్క! మాట రాని మనిషి ఏమని ఎదురు చెబుతాడు చెప్పండి? చూసుకుంటున్న దంపతుల్ని నెలల తరబడి చూడ్డానికి కూడా రానివ్వలేదు. డిసెంబరులో గానీ ఆయన ఇల్లు చేరలేదు.

1998లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదంది. కేసు యూరోపియన్ మానవ హక్కుల కోర్టుదాకా వెళ్ళింది. 2004 అక్టోబరులో ఆ కోర్టు, ఆయన స్వేచ్ఛని సరైన పద్ధతీ, రక్షణా లేకుండా హరించారని తీర్పిచ్చింది.

ఈలోగా అక్కడ 'మెంటల్ కెపాసిటీ యాక్ట్ 2005' తయారైంది. అది 2007లో అమలులోకి వచ్చింది. హెచ్.ఎల్. కేసు చూపించిన లోటుని పూడ్చడానికి ఆ చట్టానికే రక్షణ నిబంధనలు జోడించి 2009 ఏప్రిల్ నుంచి అమలు చేశారు. వాటిని 'డిప్రివేషన్ ఆఫ్ లిబర్టీ సేఫ్‌గార్డ్స్' అంటారు. అక్కడివాళ్ళు పొట్టిగా 'డోల్స్' అని పిలుచుకుంటారు.

తాళం వేసేముందు

డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బున్న పెద్దాయన ఒకరు కేర్ హోములో ఉన్నారనుకోండి. గేటు దాటితే దారి తప్పిపోతారని తలుపుకి తాళం వేస్తారు. ఇరవైనాలుగు గంటలూ ఎవరో ఒకరు కనిపెట్టి ఉంటారు. మంచికే! కానీ అది ఆయన స్వేచ్ఛని తీసేసుకోవడం కూడా. అందుకని కేర్ హోము గానీ ఆస్పత్రి గానీ అనుమతి కోసం దరఖాస్తు చేసుకోవాలి. ఇంగ్లండులో అయితే స్థానిక కౌన్సిల్‌కి.

అప్పుడు ఆరు విషయాలు పరీక్షిస్తారు. మనిషికి 18 ఏళ్ళు నిండాయా? మానసిక రుగ్మత ఉందా? అక్కడ ఉండాలా వద్దా అన్నది తేల్చుకునే శక్తి లేదా? ఈ ఏర్పాటు ఆయన మేలుకేనా, ఇంతకన్నా తక్కువ కట్టుబాటుతో కుదరదా? మానసిక ఆరోగ్య చట్టం కిందకి రావలసిన కేసా? ఆయన ముందే రాసిపెట్టిన మాటకో, ఆయన తరఫున అధికారం ఉన్నవారి నిర్ణయానికో ఇది విరుద్ధం కాదు కదా?

వీటిని కనీసం ఇద్దరు వేర్వేరు మనుషులు చూడాలి. ఒకరు మానసిక వైద్యంలో అనుభవమున్న డాక్టరు. రెండోవారిని 'బెస్ట్ ఇంట్రస్ట్స్ అసెసర్' అంటారు. ఈయన సోషల్ వర్కరో, నర్సో, ఆక్యుపేషనల్ థెరపిస్టో, సైకాలజిస్టో కావచ్చు. రెండేళ్ళ అనుభవం ఉండాలి, ఆమోదం పొందిన కోర్సు పూర్తిచెయ్యాలి. ఒకసారి సర్టిఫికెట్ తెచ్చుకుంటే సరిపోదు, ఏటేటా మళ్ళీ శిక్షణ తీసుకోవాలి. పరీక్షించబోయే మనిషి సంరక్షణలో ఆయనకి ఏ పాత్రా ఉండకూడదు. రోజూ చూసుకునేవాళ్ళే తీర్పరులైతే ఎలా అన్నమాట!

అనుమతి ఇచ్చినా ఏడాదికి మించదు. మనిషి తరఫున కనిపెట్టి ఉండటానికి ఒక ప్రతినిధిని పెడతారు. "నన్నిక్కడ ఉంచడం నాకిష్టం లేదు" అని ఆయన 'కోర్ట్ ఆఫ్ ప్రొటెక్షన్'కి వెళ్ళొచ్చు కూడా.

చట్టం చెప్పే ఐదు మాటలు

సరే, ఆ పరీక్షల్లో కీలకమైనది నిర్ణయశక్తి. దాన్ని ఎలా చూడాలి? శిక్షణకి వచ్చిన ప్రతివాళ్ళకీ మొదట నేర్పేవి ఈ ఐదు సూత్రాలే.

ఒకటి: శక్తి లేదని రుజువయ్యేదాకా మనిషికి ఆ శక్తి ఉన్నట్టే లెక్క.

రెండు: చేతనైన సాయమంతా చేసి చూడందే "ఈయన నిర్ణయించుకోలేడు" అనకూడదు.

మూడు: తెలివితక్కువ నిర్ణయం తీసుకున్నంత మాత్రాన తెలివే లేదనకూడదు.

నాలుగు: నిజంగా శక్తి లేనివారి తరఫున ఏం చేసినా వారి మేలు కోరే చెయ్యాలి.

ఐదు: ఏం చేసినా వారి స్వేచ్ఛకి వీలైనంత తక్కువ అడ్డం వచ్చే దారి ఏదైనా ఉందేమో ముందు చూడాలి.

మూడో సూత్రం దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. షుగరున్న మావగారు "పండగపూట రెండు బొబ్బట్లు తింటాను, రేపటి సంగతి రేపు" అన్నారనుకోండి. అది మంచి నిర్ణయమా? కాదు. మతి లేని నిర్ణయమా? అదీ కాదు! షుగరు పెరుగుతుందని ఆయనకి తెలుసు. తెలిసే తింటున్నారు. మనం పెళ్ళిభోజనంలో రెండోసారి స్వీటు వేయించుకున్నప్పుడు మనకి మతి పోయిందని ఎవరైనా అన్నారా?

నాలుగు మెట్లు

ఇక అసలు పరీక్ష. మెదడుకో మనసుకో వచ్చిన ఇబ్బంది వల్ల ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి చెయ్యలేకపోయినా, ఆ ఒక్క నిర్ణయానికి, ఆ సమయానికి శక్తి లేదని అర్థం.

చెప్పిన విషయాన్ని అర్థం చేసుకోగలగాలి. నిర్ణయించుకునేంతసేపు దాన్ని మనసులో నిలుపుకోగలగాలి. మంచీచెడ్డా బేరీజు వేసుకోగలగాలి. చివరికి తన నిర్ణయాన్ని ఎదుటివారికి తెలపగలగాలి.

రెండో మెట్టు చూడండి. పొద్దున చెప్పింది సాయంత్రానికి మరిచిపోయినా ఫరవాలేదు, నిర్ణయించుకునే ఆ కాసేపు గుర్తుంటే చాలు. నాలుగోదానికి మాటే రానక్కర్లేదు. సైగ చేసినా, చెయ్యి నొక్కినా, రెప్ప ఆర్పినా చాలు.

'ఆ ఒక్క నిర్ణయానికి' అన్న మాట కూడా ముఖ్యమే. ఇల్లు అమ్మే కాగితాల లెక్క తెలియకపోవచ్చు. అలాగని ఏ చీర కట్టుకోవాలో, ఎవరింట్లో ఉండాలో కూడా తెలియదనుకోకూడదు. వయసుని బట్టీ, వాలకాన్ని బట్టీ, జబ్బు పేరుని బట్టీ తేల్చెయ్యకూడదని చట్టంలోనే రాశారు.

శిక్షణలో ఏం నేర్పుతారు?

చట్టం చదివితే ఒక పూటలో అర్థమవుతుంది. కష్టమంతా మనిషి ఎదురుగా కూర్చున్నప్పుడే!

మొట్టమొదట నేర్పేది, పరీక్షకి ముందు తయారీ. పెద్దావిడ ఏ వేళప్పుడు హుషారుగా ఉంటుంది? పొద్దున కాఫీ తాగాకా, మధ్యాహ్నం కునుకు తీశాకా? చెవి మిషను పెట్టుకుందా? కళ్ళజోడు ఉందా? పక్కన టీవీ మోగుతోందా? నిద్రమాత్ర వేసిన గంటకి వెళ్ళి ప్రశ్నలడిగితే పరీక్షించింది మాత్రనే గానీ మనిషిని కాదు.

తర్వాత భాష. వయసు మీద పడ్డాక విదేశంలో బిడ్డల దగ్గరికి చేరిన మన తెలుగు పెద్దవాళ్ళనే తీసుకోండి. డిమెన్షియా వచ్చాక చాలామందికి తర్వాత నేర్చిన భాష ముందు జారిపోతుంది, అమ్మభాష మిగులుతుంది. ఇంగ్లీషులో అడిగితే బిక్కమొహం వేసిన బామ్మ, తెలుగులో అడిగితే పూస గుచ్చినట్టు చెప్పొచ్చు. అందుకే దుబాసీని పెట్టాలంటారు. అదీ ఇంట్లోవాళ్ళని కాదు. కొడుకుని దుబాసీగా పెడితే అమ్మ మాట వస్తుందో, కొడుకు మాట వస్తుందో ఎవరికి తెలుసు?

ఇక అడిగే తీరు. "అర్థమైందా అండీ?" అనడిగితే ఎవరైనా "ఆ" అనే అంటారు. మర్యాద కోసమైనా అంటారు. "నేను చెప్పింది మీ మాటల్లో ఒకసారి చెప్పండి" అనడగాలి. "ఇవాళ ఏ వారం? ప్రధానమంత్రి ఎవరు?" అని అడిగి మార్కులు వేసుకుంటే జ్ఞాపకశక్తి తెలుస్తుందేమో గానీ, ఇంటికి వెళ్ళాలా వద్దా అన్నది తేల్చుకునే శక్తి తెలియదు. నిర్ణయం దేని గురించో ప్రశ్నలూ దాని గురించే ఉండాలి.

చివరికి రాత. "శక్తి లేదు" అని టిక్కు పెట్టి సంతకం చేస్తే కుదరదు. ఏమడిగారు, ఆవిడ ఏమంది, ఏ మెట్టు దగ్గర ఆగిపోయింది, అది జబ్బు వల్లే అని ఎలా చెప్పగలరు... ఆవిడ మాటలు ఆవిడ మాటల్లోనే రాయాలి. రేపు మరొకరు చదివితే ఆవిడ గొంతు వినిపించాలి.

82 ఏళ్ళ ఆవిడ చెప్పిన జవాబు

ఇంత చదువుకున్నవాళ్ళు కూడా ఎక్కడ కాలు జారతారో 2012లో కోర్ట్ ఆఫ్ ప్రొటెక్షన్‌కి వచ్చిన ఒక కేసు చూపించింది. 'కె.కె.' అని పేరు పెట్టిన ఆవిడకి 82 ఏళ్ళు. పార్కిన్సన్స్ జబ్బు, దానికి తోడు డిమెన్షియా, ఒక పక్క చచ్చుబడింది. నర్సింగ్ హోములో ఉంచారు. ఆవిడకేమో తన చిన్న బంగళాకి తిరిగి వెళ్ళిపోవాలని!

ఇంట్లో ఉన్న రోజుల్లో సాయం కోసం నొక్కే అలారం మీటని ఆర్నెల్లలో వెయ్యిసార్లకి పైగా నొక్కిందట. ఇంకేం? "ఆవిడకి తన అవసరాలేమిటో తెలియదు, అక్కడ ఉండలేదు" అని నిపుణులంతా ఒక్కమాట మీద ఉన్నారు.

జడ్జి బేకర్ ఆవిడ మాట తానే స్వయంగా విన్నారు. ఇంటి దగ్గర పడిపోయి చచ్చిపోతే ఆ నేల మీదే చచ్చిపోతాను, అంతేగా అన్నట్టు ఆవిడ చెప్పిన మాటలో ఆయనకి మతిలేనితనం కనిపించలేదు. ప్రమాదం తెలిసి, తూచుకుని, అయినా ఇల్లే కావాలంటున్న మనిషి కనిపించింది. అందరి అభిప్రాయానికీ భిన్నంగా, ఎక్కడ ఉండాలో నిర్ణయించుకునే శక్తి ఆవిడకి ఉందని తీర్పు చెప్పారు.

ఆ తీర్పులో రెండు మాటలు శిక్షణ తరగతుల్లో చెప్పుకోదగ్గవి. ఒకటి: ఇంటికి పంపితే ఎవరు వస్తారు, రోజుకి ఎన్నిసార్లు వస్తారు, రాత్రిళ్ళు ఏం ఏర్పాటు అన్నది వివరంగా ముందు పెట్టకుండా ఖాళీ కాగితం చూపించి "నిర్ణయించుకో" అంటే ఎవరికైనా ఎలా సాధ్యం? రెండు: కాపాడాలన్న ఆరాటం ఎక్కువైతే, ఏ జవాబు వస్తే మనిషి క్షేమంగా ఉంటుందో ఆ జవాబు కోసమే పరీక్ష పెట్టే ప్రమాదం ఉంది.

రెండోది చదివితే మన ఇళ్ళన్నీ గుర్తుకు రావడం లేదూ? మనకి నచ్చే జవాబు చెబితే "అమ్మకి ఇంకా ఎంత తెలివో!" అంటాం. నచ్చనిది చెబితే "పాపం, మతి తప్పుతోంది" అంటాం.

నాణేనికి రెండో వైపు

అలాగని "ఆయన ఇష్టం" అని చేతులు దులుపుకోమని కాదు. నిజంగా శక్తి పోయిన మనిషిని అడిగినట్టు అడిగి వదిలేయడం కూడా అన్యాయమే. స్టవ్ మీద పాలు పెట్టి మరిచిపోవడం అందరికీ ఉన్నదే. కానీ గ్యాస్ వాసనంటే ఏమిటో, దానివల్ల ఏమవుతుందో ఎంత విడమరిచి చెప్పినా పట్టుబడకపోతే అక్కడ చెయ్యి అందించాల్సిందే. అందించేటప్పుడు కూడా చిన్న అడ్డంకితో సరిపెట్టగలమా అని చూడాలి. వంటింటికి తాళం వేసేకన్నా సిలిండర్ కట్టేస్తే చాలేమో!

చట్టం ఉన్నంత మాత్రాన ఇంగ్లండులో అంతా సవ్యంగా ఉందనుకోకండి. 2014 మార్చిలో హౌస్ ఆఫ్ లార్డ్స్ కమిటీ ఒకటి చట్టం మంచిదే గానీ, పాటించాల్సినవాళ్ళకే సరిగ్గా తెలియడం లేదని నివేదిక ఇచ్చింది. అదే నెలలో అక్కడి సుప్రీంకోర్టు, ఎంత హాయిగా ఉన్నా నిరంతరం నిఘాలో ఉంచి బయటికి వెళ్ళనివ్వకపోతే స్వేచ్ఛ తీసేసుకున్నట్టే అని తీర్పిచ్చింది. బంగారు పంజరమైనా పంజరమే అని న్యాయమూర్తి లేడీ హేల్ మాటల సారం. దాంతో ఇంగ్లండులో 2013-14లో 13 వేల పైచిలుకు ఉన్న దరఖాస్తులు మరుసటి ఏడాది లక్షా 37 వేలు దాటాయి. 2023-24లో 3 లక్షల 30 వేల పైన వచ్చాయి. 21 రోజుల్లో తేలాల్సినవి చాలామట్టుకు ఆ గడువు దాటిపోయాయి. ఆ ఏడాది చివరికి లక్షకి పైగా పెండింగులో ఉండిపోయాయి. ఈ పద్ధతి మార్చడానికి 2019లో కొత్త చట్టం చేసినా, 2023లో దాని అమలుని వాయిదా వేశారు. పరీక్షించడం తెలిసిన మనుషులు చాలినంతమంది లేకపోతే ఎంత మంచి చట్టమైనా క్యూలో నిలబడాల్సిందే.

మన చట్టంలోనూ ఉంది!

మన దేశంలో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చి, 2018 మే 29 నుంచి అమలులో ఉంది. మానసిక చికిత్స విషయంలో ప్రతివారికీ, జబ్బున్నవారితో సహా, నిర్ణయించుకునే హక్కు గురించి దాని 4వ సెక్షన్ చెబుతుంది. విషయం అర్థం చేసుకోవడం, పర్యవసానం గ్రహించడం, మాటతోనో సైగతోనో తెలపడం చూడాలంటుంది. ఇతరులకి తప్పుగా తోచినంత మాత్రాన ఆ మనిషికి శక్తి లేదని అనకూడదని స్పష్టంగా రాసింది. ఎలాంటి చికిత్స కావాలో, వద్దో ముందే రాసిపెట్టుకోవచ్చు. మన తరఫున మాట్లాడే ప్రతినిధిని మనమే ఎంచుకోవచ్చు. అయితే ఇదంతా మానసిక చికిత్స వరకే. అమ్మ ఎవరింట్లో ఉండాలి, నాన్నగారికి మోకాలి ఆపరేషనా కాదా అన్న రోజువారీ సంగతులకి న్యాయం మన చేతుల్లోనే ఉంది.

ఇంట్లో ఇలా చేసి చూడండి

* పెద్దవాళ్ళని అడిగిన ప్రశ్నకి వాళ్ళనే జవాబు చెప్పనివ్వండి. మనసులో పది అంకెలు లెక్కపెట్టుకోండి. చాలాసార్లు ఎనిమిదో అంకె దగ్గర జవాబు వస్తుంది!

* ఒకేసారి పది సంగతులు చెప్పకండి. ఒకటి చెప్పి, అది వారి మాటల్లో చెప్పించుకుని, రెండోదానికి వెళ్ళండి.

* అలసిపోయిన వేళ, జ్వరంలో, దుఃఖంలో పెద్ద నిర్ణయాలు అడగకండి. రెండు రోజులు ఆగితే మునిగిపోయేది లేకపోతే ఆగండి.

* "ఎందుకు వద్దు?" అని మెల్లిగా అడగండి. ఆపరేషన్ వద్దనడానికి కారణం భయం కాకపోవచ్చు. డబ్బు ఖర్చని కావచ్చు. మనవరాలి పెళ్ళి దగ్గరపడిందని కావచ్చు.

* కాగితాల మీద వేలిముద్ర వేయించేముందు అదేమిటో చదివి వినిపించండి. మూసిన తలుపుల వెనక కాదు, నలుగురిలో.

* ఓపిక ఉన్నప్పుడే మీ ఇష్టాయిష్టాలు కూడా మీవాళ్ళకి చెప్పి ఉంచండి. మనమూ ఒకనాటికి ఆ కుర్చీలో కూర్చునేవాళ్ళమే కదా!

మళ్ళీ ఆ ఆస్పత్రి వరండాకి వెళదాం. "ఆపరేషన్ ఇష్టమేనా అమ్మా?" అని డాక్టరుగారు అడిగారు. ఈసారి కోడలు నోటిదాకా వచ్చిన మాటని మింగేసి, అత్తగారి వైపు తిరిగి, "చెప్పండత్తయ్యా, మీరేమంటారు?" అని ఊరుకుందనుకోండి. అత్తగారు కాసేపు తడుముకుంటుంది. "చేయించుకుంటాను గానీ బాబూ, సంక్రాంతి వెళ్ళాక. ముగ్గులు పెట్టాలి" అంటుందేమో!

దానికి డాక్టరుగారు సరేనంటారో, వద్దంటారో వేరే సంగతి. ఆవిడ మాట అంటూ ఒకటి ఉందని అందరికీ తెలిసింది. ముందుగా ఆవిడకే తెలిసింది. అది చాలదూ?